పెద్దాయన పైపళ్ల సెట్టు

పళ్లు పీకిన గంటలోనే అదే నోట్లో కొత్త సెట్టు కూర్చోబెట్టడం మా పనిలో అన్నిటికంటే మొండి ధైర్యం కావలసిన పని. మామూలు సెట్టుకు తొందర ఉండదు. పళ్లు పీకుతారు, చిగుళ్లు మానేదాకా రెండు మూడు నెలలు ఆగుతారు, తర్వాత అచ్చు తీసి, మైనం మీద పళ్లు పేర్చి, నోట్లో పెట్టి చూస్తారు. బాగా లేకపోతే మళ్లీ పేరుస్తారు. వెంటనే పెట్టే సెట్టుకు ఆ సుఖం లేదు. ముందుపళ్లు ఇంకా నోట్లో ఉండగానే అచ్చు తీయాలి. ప్లాస్టరు మోడల్ మీద ఆ పళ్లను కత్తితో కోసేయాలి. పీకిన తర్వాత చిగురు ఏ ఆకారంలో ఉంటుందో ఊహించుకుని, ఆ ఊహ మీద పళ్లు నిలబెట్టాలి. ఆ ముందుపళ్లు సరిపోయాయో లేదో తెలిసేది రక్తం కారుతున్న రోజునే.

ఈ పని నేర్చుకునే పిల్లలు అప్పుడప్పుడు నా ఇంటికి వస్తారు. "ముప్పై ఏళ్లు చేసినారు కదా సార్, మీరు చేసిన పెద్ద తప్పు ఏంది?" అని అడుగుతారు. కత్తి జారిందనో, సెట్టుకు పోసే అక్రిలిక్ ప్లాస్టిక్ ఉడకలేదనో చెబుతానని చూస్తారు. నా పెద్ద తప్పు చేత్తో జరగలేదు, ఒక్క మాటతో జరిగింది. ఆ మాట ఎందుకన్నానో అంటున్నప్పుడే నాకు తెలుసు. దాని పేరు అసూయ. బైబిలు వాక్యం చదువుకున్నవాణ్ణి కాబట్టి దానికి ఇంకో మర్యాదైన పేరు పెట్టి తప్పించుకునే వీలు లేదు.

మా క్లినిక్ బళ్లారి కంటోన్మెంట్‌లో పాతకాలపు పెంకుటింట్లో ఉండేది. ముందు గది డాక్టరుగారిది, వెనక గది మాది. డాక్టరుగారు కన్నడం వారు. వచ్చినవాళ్లతో వాళ్ల భాషలో మాట్లాడేవారు, కోపం వస్తే మాత్రం కన్నడంలోకి పోయేవారు. వెనక గదిలో ఇరవై ఐదేళ్లు నేను ఒక్కడినే. పొద్దున ఏప్రాన్ కట్టుకునే ముందు బల్ల మీద రెండు చేతులూ ఆనించి, "ప్రభువా, ఈ చేతులు నీవి" అని ప్రార్థన చేసేవాణ్ణి. ఆ చేతుల మీద నాకెంత గొప్ప అభిప్రాయం ఉండేదో ఆ ప్రార్థనలోనే తెలిసిపోతుంది.

పని పెరిగాక రెండో మనిషిని తీసుకున్నారు. సండూరు దగ్గర తారానగర్ అతనిది. ముప్పై ఏళ్లుంటాయి. వాళ్ల నాయన గనుల లారీ తోలేవాడు. ఇతను హొసపేటెలో ఎక్కడో పని నేర్చుకుని వచ్చాడు. బల్ల మీద చిన్న దేవుని పటం పెట్టుకుని, ఒక ఊదుబత్తి వెలిగించి, సినిమా పాట ఒకటి గొణుక్కుంటూ కూర్చునేవాడు. నన్ను "అన్నా" అనేవాడు. మనిషి మంచివాడు. ఆ మంచితనమే నాకు మొదటి ఇబ్బంది. చెడ్డవాడైతే నా పని సులువయ్యేది.

రెండో ఇబ్బంది అతని చేయి. నేను పేర్చిన పళ్లు బడిలో ప్రార్థనకు నిలబడ్డ పిల్లల్లా ఉండేవి. వరస తప్పవు, ఒకరిని మించి ఒకరు ఉండరు. నా సెట్టు విరిగిందని తిరిగి వచ్చినవాళ్లు బహు తక్కువ. అతను అట్లా కాదు. మనిషి పాత పెండ్లి ఫోటో తెప్పించుకుని పది నిమిషాలు చూసేవాడు. తర్వాత ఒక పన్ను రవ్వంత పక్కకు తిప్పేవాడు, ఒకదాని అంచు అరగదీసేవాడు, ఒకదాన్ని పక్కదాని మీదికి వాల్చేవాడు. తెక్కలకోట నుంచి వచ్చిన ఒకామె అద్దంలో చూసుకుని ఏడ్చేసింది. "ఇవి నా పళ్లేనప్పా! నా పెండ్లినాటి పళ్లు!" అంది. ఎవరు చేశారని అడిగితే డాక్టరుగారు వెనక గది తలుపు వైపు వేలు చూపించారు. నేను లేచి నిలబడ్డాను. ఆమె నన్ను దాటుకుని అతని దగ్గరకు పోయింది. మరుసటి వారం సంచీడు శెనక్కాయలు తెచ్చిచ్చింది. అతను అందులో సగం నాకిచ్చాడు. తిన్నాను. అరగలేదు.

ఆదివారం బడిలో నేను పిల్లలకు ప్రతి ఏడూ ఒక రాజు కథ చెప్పేవాణ్ణి. తన ఎదుట వాయిద్యం వాయించే పడుచువాణ్ణి జనం తనకంటే ఎక్కువ పొగిడారని, కూర్చున్న చోటి నుంచే ఈటె విసిరిన రాజు. "రాజుకు ఏం తక్కువయింది పిల్లలూ?" అని అడిగేవాణ్ణి. "ఏమీ తక్కువ కాలేదు సార్!" అని వాళ్లు అరిచేవాళ్లు. సోమవారం పొద్దున అదే నోటితో దేవుణ్ణి అడిగేవాణ్ణి. చిన్నప్పటి నుంచి నీ మందిరంలో చాపలు పరిచినవాణ్ణి, ఉపవాసం తప్పనివాణ్ణి, నాకివ్వకుండా ఆ చేయి నీ పేరైనా ఎత్తనివానికి ఇచ్చినావు, ఇది ఏమి న్యాయం?

మా గదిలో ఒక పద్ధతి ఉండేది. పెట్టింది నేనే. మైనంలో పళ్లు పేర్చడం అయ్యాక దాన్ని ఫ్లాస్కు అనే ఇనుప డబ్బాలో ప్లాస్టరు పోసి పూడ్చి మూస్తాం. మూశాక మైనం కరిగిపోతుంది, ఆ చోటికి అక్రిలిక్ వస్తుంది. ఇక మార్చడానికి లేదు. అందుకని మూసే ముందు ఒకరు చేసినది ఇంకొకరి ముందు పెట్టాలి. ఆ రెండోవాడు అటూ ఇటూ తిప్పి చూసి "మూసెయ్" అనాలి. ఆ మాట రానిదే మూయకూడదు. ఎవరి తప్పు వాళ్ల కంటికి కనపడదు, అందుకని.

అతను చేరిన ఆరేళ్లకు, నేను రిటైరు కావడానికి రెండేళ్ల ముందు పెద్దాయన క్లినిక్‌కు వచ్చారు.

ఆయన మా సంఘానికి పెద్ద. జీతం తీసుకునే బోధకుడు కాదు. రైల్వేలో గుమాస్తాగా చేసి, పొద్దున వాక్యం, సాయంత్రం వాక్యంగా బతికిన మనిషి. పదేళ్ల వయసులో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని లేఖనం చదవడం నేర్పింది ఆయనే. ఏటా మా సంఘంలో మూడు రోజులు ప్రార్థన కూటాలు జరుగుతాయి. కడపటి రోజు నిలబడి వాక్యం చెప్పేది ఎప్పుడూ ఆయనే. ఆ ఏటికి ఆయన పైదవడలో వెనకపళ్లు పీకి మూడు నెలలయింది. ముందుపళ్లు ఆరూ ఊగుతున్నాయి. మాట్లాడేటప్పుడు నాలుకతో ఒక పన్నును ఆనించి పట్టుకునేవారు. కిందిపళ్లు గట్టివే.

"ఇవీ తీయాలి తాతా" అన్నారు డాక్టరుగారు.

"తీయండి సార్. అయితే ఒక్క పూటైనా నోరు ఖాళీగా ఉండకూడదు. వచ్చే శుక్రవారం నుంచి కూటాలు. ఆదివారం నేను నిలబడాల. డెబ్బై ఆరేండ్లు నాకు. వచ్చే ఏడు ఉంటానో ఉండనో."

పీకిన వెంటనే సెట్టు పెట్టవచ్చని డాక్టరుగారు చెప్పారు. నేను తలుపు వెనక అచ్చు తీసే పళ్లెం పట్టుకుని నిలబడి ఉన్నాను. నన్ను పిలుస్తారని ఏప్రాన్ సర్దుకున్నాను కూడా.

"అట్లయితే ఆ తారానగర్ అబ్బాయితో చేయించండి సార్" అన్నారు పెద్దాయన. "శానా బాగా చేస్తాడంట కదా."

పళ్లెం తీసుకుపోయి అతని చేతికిచ్చాను. ఇచ్చేటప్పుడు నవ్వాను కూడా. ముప్పై ఏళ్లు జనానికి పళ్లు చేసినవాడికి నవ్వు ఎట్లా పెట్టుకోవాలో తెలియదా?

పైదవడ, కిందిదవడ ఎట్లా కలుస్తాయో మైనం దిమ్మె మీద కొరికించి తీసుకుంటారు. దాన్ని మేం బైటు అంటాం. సెట్టు మొత్తం దాని మీదే నిలబడుతుంది. డాక్టరుగారు బైటు తీశారు. రెండు రోజులకు వెనకపళ్ల వరకు మైనంలో పేర్చి నోట్లో పెట్టి చూశారు. రెండుసార్లూ ఒకేలా వచ్చింది. మంగళవారం మధ్యాహ్నానికి అతను ముందుపళ్లు కూడా పేర్చి, మోడళ్లు బిగించిన కీలుయంత్రాన్ని నా ముందు పెట్టాడు.

చూడగానే రెండు సంగతులు కనబడ్డాయి. మొదటిది ముందుపళ్లు. కోసేసిన ప్లాస్టరు పళ్ల స్థానంలో పెద్దాయన పళ్లే మళ్లీ మొలిచినట్టు పెట్టాడు. ఎడమవైపు కోరపన్ను కాస్త పైకి, ముందరి రెంటి మధ్య గోరు దూరనంత సందు. రెండోది బైటు. అది తప్పు.

వెనకపళ్లు లేని మూడు నెలలూ పెద్దాయన ముందుపళ్లతోనే నమిలారు. అట్లాంటి వాళ్లను కొరకమంటే చాలు, కిందిదవడ అలవాటుగా ముందుకొస్తుంది. ఎన్నిసార్లు కొరకమన్నా అట్లే వస్తుంది, చూసేవాళ్లు అదే సరైన చోటు అనుకుంటారు. నేను మోసపోను. నలభై ఏళ్లుగా మందిరంలో ముందు బెంచీలో కూర్చుని ఆ ముఖాన్నే చూశాను. ఆ దవడ విశ్రాంతిగా ఎక్కడుంటుందో నాకు తెలిసినంతగా ఆయనకే తెలియదు.

"అన్నా, రవ్వంత బాగా చూడన్నా" అన్నాడు అతను. "నాకెందుకో దవడ ముందుకొచ్చినట్ల అనిపిస్తాండాది. డాక్టరు సరేనంటిరి. నువ్వయితే ఆయప్పను ఎప్పటి నుంచో చూస్తాండావు గదా."

అడగకపోతే మౌనంగా ఉన్నానని చెప్పుకునేవాణ్ణి. అడిగాడు. నేను కీలుయంత్రాన్ని కిటికీ వెలుతురుకు తిప్పాను, మూసి తెరిచాను. కోరపన్నును వేలితో తాకాను. పెద్దాయన గుర్తొచ్చారు. నా నోటికి వాక్యం నేర్పిన మనిషి తన నోటికి నన్ను వద్దన్నాడు.

"మూసెయ్" అన్నాను.

గురువారం పొద్దున పదిగంటలకు పళ్లు తీశారు. ఆరూ పావుగంటలో వచ్చేశాయి. అవెట్లాగూ పోవడానికి సిద్ధంగానే ఉన్నాయి. రక్తం తుడిచి, కుట్లు వేసి, డాక్టరుగారు సెట్టు పెట్టారు. అందంగా కూర్చుంది. అంతవరకు గదిలో అందరి ముఖాలూ వెలిగాయి. "మెల్లగా నోరు మూయండి తాతా" అన్నారు.

మూశారు. దవడను ఇన్నాళ్లూ ముందుకు లాగుతున్న పళ్లు ఇప్పుడు లేవు. దవడ తిరిగి తన చోటికి పోయింది. కిందిపళ్లు సెట్టు వెనకపళ్లను ఏటవాలుగా గుద్దాయి. సెట్టు ముందుకు జారి పచ్చిపుండ్ల మీద రాసుకుంది. మత్తు ఉన్నా పెద్దాయన భుజాలు ఎగిరిపడ్డాయి. మళ్లీ మూయించారు, మళ్లీ జారింది. డాక్టరుగారు వెనకపళ్లు కొంచెం అరగదీసి చూశారు. అరగదీస్తే పోయే తప్పు కాదది.

"ఏనప్పా ఇదు?" అన్నారు డాక్టరుగారు ఏమిటిదని, తారానగర్ అతని వైపు తిరిగి. "బైటే తప్పు! మూసే ముందు చూడలేదా?"

"నాదే తప్పు సార్" అన్నాడు అతను.

నా పేరు చెప్పలేదు. నేను తలుపు దగ్గరే ఉన్నాను.

ఆ క్షణం నాకు సంతోషం కలిగింది. దాచను. ఆరేళ్లుగా ఎండిన నోట్లో చల్లని నీళ్లు పోసినట్టుంది. అతని చెవులు ఎర్రబడడం చూశాను, ఇంకా ఎర్రబడాలని కోరుకున్నాను.

డాక్టరుగారు సెట్టు తీసి పళ్లెంలో పెట్టారు. "తాతా, ఇప్పటికి దీన్ని వదిలేద్దాం. వాపొస్తే ఎట్లాగూ పెట్టలేం. పుండ్లు మానాక రెండు నెలలకు కొత్తది చేద్దాం" అన్నారు.

పెద్దాయన నోటినిండా దూది. మాట్లాడలేక చేతితో కాగితం అడిగారు. మందుల చీటీ వెనక "ఆదివారం?" అని రాసి చూపించారు. డాక్టరుగారు తల అడ్డంగా ఊపారు. పెద్దాయన ఆ చీటీని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు. తర్వాత భుజం మీది తువ్వాలు తీసి నోటికి అడ్డం పెట్టుకున్నారు. పైపెదవి లోపలికి కుంగిపోయి, ఆయన ముఖం నేనెరగని ఎవరో ముసలాయన ముఖంలా ఉంది. తువ్వాలు తీయకుండానే నా వైపు చూశారు. సంఘంలో ఎవరికైనా కష్టం వస్తే ‘నీవున్నావు కదా’ అన్నట్టు నా వైపు చూసే చూపే అది.

నా సంతోషం అక్కడ తెగింది.

"సార్, రెండు గంటలు టైమివ్వండి" అన్నాను. "తప్పు వెనకపళ్లదే. ముందుపళ్లు సరిగ్గా ఉన్నాయి. వెనకవి కోసేసి కొత్త బైటు తీసి, ఉడకబెట్టే పనిలేని అక్రిలిక్‌తో అతికిద్దాం. వాపు వచ్చేలోగా పెట్టేయొచ్చు."

డాక్టరుగారు గడియారం చూశారు. "ఆగుత్తా?" అన్నారు, అవుతుందా అని.

"అవుతుంది సార్. ఆయన దవడ నాకు తెలుసు."

ఇద్దరం వెనకగదిలోకి పోయి వెనకపళ్లను కోసేశాం. ఆ చోట మెత్తటి మైనం పెట్టుకుని వచ్చి సెట్టును మళ్లీ నోట్లో ఉంచాం. "అయ్యా, కొరకొద్దండి. మనసులో ప్రార్థన చేసుకోండి. అయ్యాక ఆమేన్ అని, పెదవులు కలిపి అట్లే ఉండండి" అన్నాను. మనిషి కొరకాలనుకుంటే దవడ అబద్ధం చెబుతుంది. ప్రార్థన ముగించిన పెద్దాయన దవడ ఎక్కడ ఆగుతుందో నాకు తెలుసు.

ఆయన కళ్లు మూసుకున్నారు. పెద్దాయన ప్రార్థన ఎప్పుడూ పొట్టిది కాదు. డాక్టరుగారు రెండుసార్లు గడియారం చూసుకున్నారు. "జల్దీ చేయమను అన్నా" అని అతను నా చెవిలో అన్నాడు. చివరకు మత్తెక్కిన పెదవుల మధ్య నుంచి ఆమేన్ వచ్చింది. దవడ మెల్లగా వెనక్కి పోయి, తన చోట్లో తాను కూర్చుంది. మైనం దాన్ని పట్టుకుంది.

"నోడప్పా!" అన్నారు డాక్టరుగారు అతనితో, చూడమని. "ముప్పై ఏళ్ల అనుభవం అంటే ఇది."

ఆ మాట కోసం ఆరేళ్లు కాచుకుని ఉన్నాను. వచ్చింది. తలొంచి తీసుకున్నాను.

వెనకగదిలో అతను అక్రిలిక్ పొడి కలుపుతున్నాడు, నేను పళ్లు పేరుస్తున్నాను.

"అన్నా, ఆయప్ప దవడ ముందుకొస్తాదని నీకు ముందే తెలుసునా?"

"ఇప్పుడే తట్టింది" అన్నాను.

"ఓ. అట్లనా." గిన్నెలో గరిట తిప్పుతూనే ఉన్నాడు. "మంగళారం నేను అడిగినప్పుడు నీకు వెలుతురు సాలలేదేమోలే. ఆ కిటికీ కాడ మధ్యాన్నం నీడొస్తాది."

నాకు దారి ఇస్తున్నాడు. నేను ఆ దారిలోనే పోయాను. "అవును, నీడ" అన్నాను.

"నువ్వు మూసెయ్ అంటే నేనింక దాంట్లో తలకాయ పెట్టనన్నా. నాకు అదే సాకు" అన్నాడు. సాకు అంటే కన్నడంలో చాలని.

ఒంటిగంట లోపల సెట్టు మళ్లీ నోట్లోకి పోయింది. పెదవి అప్పటికే ఉబ్బడం మొదలైంది. మూయమన్నారు, మూశారు. కదల్లేదు. "రేపు నేను తీసేదాకా మీరు ముట్టుకోవద్దు. గంజి, అంబలి తప్ప ఏమీ వద్దు. ఆదివారం మాట్లాడండి, రవ్వంత సేపే" అన్నారు డాక్టరుగారు. పెద్దాయన నా చేయి పట్టుకున్నారు. అతని చేయి కూడా పట్టుకున్నారు. నా చేతిని ఎక్కువసేపు పట్టుకున్నారని నేను గమనించాను. ఆ స్థితిలోనూ గమనించాను.

శుక్రవారం పుండ్లు చూపించుకోవడానికి వచ్చినప్పుడు ఆయనను ఆటోలో ఇంటికి తీసుకుపోయాను. ఇక ఆగలేక అడిగేశాను. "అయ్యా, మొదట నన్నెందుకు అడగలేదు?"

కొత్త పళ్ల మధ్య మాట ఇంకా తడబడుతోంది. మెల్లగా చెప్పారు.

"నీతో అయితే నొప్పి అని చెప్పలేను నాయనా. ఈడ రాసుకుంటాంది, ఆడ గుచ్చుకుంటాంది అంటే నువ్వు ముఖం చిన్నబుచ్చుకుంటావు. మొన్న పాటల్లో గొంతు తగ్గించుకో అంటే నెల్రోజులు వెనక బెంచీలో కూచుంటివి. ఆ పిల్లోనితో అయితే దబాయించి చెప్పొచ్చు. అయినా చూడు, చివరికి నువ్వే కాపాడితివి."

ఆటో కుదుపులకు ఆయన తువ్వాలుతో నోరు అదిమి పట్టుకున్నారు. ఆయన చెప్పినదాంట్లో నా మీద చిన్నచూపు ఏమీ లేదు. నేను నొచ్చుకోకుండా చూసుకోవాలన్నదే ఆయన జాగ్రత్త. ఆ జాగ్రత్తను అవమానంగా లెక్కేసుకుని నేను ఆయన నోటిని పణం పెట్టాను. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. ఆటో దిగేటప్పుడు "జాగ్రత్తయ్యా" అన్నాను, అంతే.

ఆదివారం షామియానా నిండిపోయింది. తెలుగువాళ్లు, కన్నడంవాళ్లు అందరూ వచ్చారు. తారానగర్ అతను భార్యతో వచ్చి ఆఖరి వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. తన పని నోట్లో ఎట్లా ఆడుతుందో చూడాలని వచ్చానన్నాడు. పెద్దాయన ఇరవై నిమిషాలు మాట్లాడారు. మామూలుగా గంట మాట్లాడే మనిషి. ఎక్కడా నాలుకతో పన్నును ఆనించుకోలేదు. ఒకచోట నవ్వారు. ఆ కోరపన్ను, ఆ సందు, నా చిన్నప్పటి నుంచి చూసిన ఆ నవ్వే. వెనక కూర్చున్న ఆఖరి మనిషికి కూడా కనబడి ఉంటుంది.

వాక్యం తర్వాత, దేవుడు చేసిన మేలు లేచి చెప్పుకునే సాక్ష్యాల సమయం. మొదట లేచింది స్త్రీల సమాజం పెద్దమ్మ. మైకు అందుకుని, "దేవునికి స్తోత్రం! మన పెద్దాయన ఈ పొద్దు నిలబడి మాట్లాడినాడంటే అది మన అన్న చేతి పని. ఆ పళ్లు చూడండప్పా, దేవుడు ఇచ్చిన పళ్ల మాదిరి ఉండాయి!" అని నా వైపు చేయి చాపింది. అందరూ చప్పట్లు కొట్టారు. వెనక్కి తిరిగి చూశాను. తారానగర్ అతను కూడా కొడుతున్నాడు. మర్యాదకు కాదు, నిజంగానే కొడుతున్నాడు.

చదువుకున్న వాక్యమంతా నాకు ఎప్పుడూ తలలో ఉండేది. ఆ చప్పట్లకు అది మోకాళ్లలోకి దిగింది. ఎట్లా లేచానో తెలియదు, మైకు దగ్గర ఉన్నాను.

"ఆ పళ్లు నేను చేయలేదు" అన్నాను. "వెనక కూచున్న ఆయన చేసినాడు. నేను చేసింది వేరే. బైటు తప్పని నాకు మంగళవారమే తెలుసు. ఆయన నన్ను అడిగినాడు కూడా. తెలిసి, మూసెయ్ అన్నాను. ఆయన పేరు చెడిపోవాలని అన్నాను. దానికి పెద్దాయన నోరు పోయినా సరే అనుకున్నాను. గురువారం డాక్టరు ఆ వెనక కూచున్న ఆయనను తిడితే సంతోషపడినాను. తర్వాత బాగుచేసినట్టు పేరు కూడా తీసుకున్నాను. ఆయన నా పేరు ఎవరికీ చెప్పలేదు."

కన్నడం వరసల్లో ఒకాయన పక్కాయనను "ఏన్ హేళ్దా?" అని, ఏం చెప్పాడని అడగడం, ఆ పక్కాయన మొత్తం కన్నడంలో చెప్పడం మైకు దగ్గరున్న నాకు కూడా వినబడింది. నా పాపం రెండు భాషల్లో విన్నాను. కన్నడంలో ఇంకా పొడుగ్గా ఉంది.

తారానగర్ అతను సగం లేచి, "ఊరికే ఉండన్నా, ఏం మాటలవి!" అన్నాడు. సిగ్గుతో భార్య కొంగు వెనక దాక్కునేట్టు ఉన్నాడు. పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు, చాలాసేపు తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకుని నన్ను చూశారు. మందలింపూ లేదు, ఓదార్పూ లేదు. "విన్నాం నాయనా. కూచో" అన్నారు. తర్వాత జనం వైపు తిరిగి, "ప్రార్థన చేసుకుని భోజనాలకు లేయండి" అన్నారు.

పిల్లలూ, ఒప్పుకుంటే గుండె తేలికవుతుందని బోధకులు చెబుతారు. అవుతుంది. ఎంతసేపు అన్నది ఎవరూ చెప్పరు. ప్రార్థన ముగిసి నేను కళ్లు తెరిచేసరికి ఆఖరి వరసలో గుంపు చేరి ఉంది. పళ్లు లేనివాళ్లు, ఊగుతున్నవాళ్లు, తల్లికి చేయించాలనుకునేవాళ్లు తారానగర్ అతని చుట్టూ మూగారు. నలభై ఏళ్లు వాళ్లతో ఒకే మందిరంలో కూర్చున్నాను, ఒక్కరూ నన్ను అట్లా చుట్టుముట్టలేదు. లోపల ఆ పాత అసూయ మళ్లీ లేచింది. మైకు తీగ ఇంకా నా కాలికి చుట్టుకునే ఉంది.

అతను ఆ తోపులాటలో తబ్బిబ్బవుతున్నాడు. "అన్నా, రాండన్నా! ఈళ్ల పేర్లు నాకు తెలీవు!" అని కేకేశాడు. పోయాను. కూటాల కరపత్రం ఒకటి తిరగేసి, పేర్లు, ఊళ్లు, ఎవరికి ఏ రోజు వీలవుతుందో రాసుకున్నాను. నేను రిటైరయ్యేదాకా అట్లా పేర్లు రాసుకోవడం కూడా నా పనుల్లో ఒకటి అయింది. సోమవారం పొద్దున డాక్టరుగారికి కూడా ఇదంతా చెప్పాను. ఆయన వారం రోజులు నాతో కన్నడంలోనే మాట్లాడారు. అప్పటి నుంచి మా ఇద్దరి పనీ చూసి "మూసెయ్" అనే అధికారం డాక్టరుగారే తీసుకున్నారు. అది న్యాయమే.

ఆ ఆదివారం మాత్రం ఒక ముసలామె నా చేతిలో కాగితం చూసి, "నీకు కాదు కదప్పా? ఆ అబ్బాయికే కదా?" అని రెండుసార్లు అడిగి మరీ పేరు రాయించుకుంది.

"ఆయనకే అమ్మా" అని రాశాను.

తొమ్మిది పేర్లయ్యాయి. కాగితం మడిచి అతని చేతికిచ్చి, దంపతులిద్దరినీ భోజనానికి తీసుకుపోయి నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. వడ్డించేవాడు మా ఇద్దరి ఆకుల్లో అన్నం పెట్టి, పులుసు పోసి, అతని ఆకులో రెండు ముక్కలు ఎక్కువ వేసి పోయాడు. అదీ చూశాను.